యాభై తొమ్మిదో వరుస

ఆ ఫారం తయారు చేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పడానికి అప్పట్లో నాకు రెండు నెలలు పట్టింది.

తిరుపతిలో బైపాస్ రోడ్డు మీద ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన మా ఆఫీసు. ఆఫీసంటే రెండు గదులు, నలుగురు మనుషులు. ఆస్పత్రులకీ, కాలేజీలకీ, కళ్యాణ మండపాలకీ వెబ్‌సైట్లు చేసిపెడతాం. నేను పదేళ్ళుగా అక్కడ ప్రోగ్రాములు రాస్తున్నాను. మా యజమాని నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. పని తెలిసినవాడు. గట్టిగా ఒక మాట అనడు, అలాగని ఒక మాట జారనివ్వడు.

ఒకసారి ఒక ట్రస్టు వాళ్ళు పని తెచ్చారు. నగరి చుట్టుపక్కల మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళకి చెవి పరీక్షలు చేయించి, అవసరమైనవాళ్ళకి వినికిడి మిషన్లు ఇస్తారట. మరమగ్గాల షెడ్డులో ఒకసారి నిలబడినవాళ్ళకి ఈ పని ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఎనిమిది మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే ఎదుటి మనిషి నోరు కదలడం కనిపిస్తుంది గానీ మాట వినపడదు. ఇరవై ముప్పై ఏళ్ళు అందులో నిలబడినవాళ్ళు ఇంటికొచ్చాక కూడా అరిచే మాట్లాడతారు. పిలిస్తే పలకరు.

పరీక్ష చేసే డాక్టరమ్మ దగ్గర ఒక పెద్ద కాగితం ఉండేది. మనిషికి ఒక వరుస. వరుస నంబరు, పేరు, వయసు, మగ్గం మీద ఎన్నేళ్ళు, ఫోన్ నంబరు. ఆ తర్వాత కుడి చెవికి ఆరు అంకెలు, ఎడమ చెవికి ఆరు అంకెలు. మొత్తం పదిహేడు గళ్ళు.

"స్క్రీన్ మీద కూడా అచ్చం ఇట్లాగే ఉండాలి. ఒక క్యాంపు మొత్తం ఒకే పేజీలో కనిపించాలి. పేజీలు మారిస్తే టైపు చేసేవాళ్ళు తికమకపడతారు," అన్నారావిడ.

నేను సరేనన్నాను. పైన మూడు గళ్ళు: తేదీ, ఊరు, పరీక్ష చేసినవాళ్ళ నంబరు. కింద ఎంతమంది వస్తే అన్ని వరుసలు. చివర్లో సేవ్ బటన్. అది నొక్కితే పైన పచ్చటి పట్టీ మీద "వివరాలు నమోదయ్యాయి" అని తెలుగులో వస్తుంది. చూడ్డానికి బాగా కుదిరింది. ఆ తెలుగు మాట పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నగరిలో ట్రస్టు వాళ్ళకి ఒక చిన్న గది ఉండేది. అక్కడ ఆ కాగితాలు చూసి కంప్యూటర్లో కొట్టడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నారు. ఇరవై ఆరేళ్ళుంటాయి. డిగ్రీ చదివి, నేత కుటుంబంలోకి కోడలిగా వచ్చింది. ఇంట్లో నాలుగు మరమగ్గాలు. పొద్దున ఇంటిపని చేసుకుని, పది గంటలకి ఆ గదికి వచ్చేది. ఫారం ఎలా వాడాలో చూపించడానికి నేను ఒకరోజు వెళ్ళాను. ఆ అమ్మాయికి రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. ఎడమచేతి చూపుడువేలు కాగితం మీద వరుస కింద పెట్టుకుని, కుడిచేత్తో అంకెలు కొట్టేది. వరుస అయిపోగానే వేలు కిందికి జరిగేది. నేను బయల్దేరుతుంటే, "అక్కా, ఈ పని నాకు శానా బాగుండాది," అంది.

మొదటి క్యాంపులు చిన్నవి. ముప్పైమంది, నలభైమంది. ఏ ఇబ్బందీ లేదు. వేసవి సెలవుల్లో బడి గదులు ఖాళీగా ఉంటాయని ఒక స్కూల్లో పెద్ద క్యాంపులు పెట్టారు. ఎనభై, తొంభైమంది చొప్పున వచ్చారు.

మిషన్లు ఎవరికివ్వాలో జాబితా తీసి గోడకి అంటించిన వారం తర్వాత ట్రస్టు మేనేజరు నాకు ఫోన్ చేశాడు.

"ఒక పెద్దాయన వచ్చి అడుగుతున్నాడు మేడం. క్యాంపుకి వచ్చినాను, పరీక్ష చేసినారు, నా పేరు యాడుందీ అని. కాగితం తీసి చూస్తే డెబ్బై ఒకటో నంబరు. మనిషి వచ్చినమాట నిజమే. కంప్యూటర్లో మాత్రం లేడు. ఆయనొక్కడే కాదు, ఇంకా కొందరు లేరు. కనుక్కుని చెబుతామని పంపించాను, ఆయనకి ఏం వినపడిందో ఏమో."

చూసి చెప్తానన్నాను. ఆ క్యాంపు వివరాలు తెరిచాను. యాభై తొమ్మిది పేర్లున్నాయి. కాగితంలో ఎనభై నాలుగట. తప్పులు నమోదయ్యే ఫైలు తెరిచాను. ఖాళీగా ఉంది. యాభై తొమ్మిదో మనిషి వరుస చూశాను. పేరుంది, వయసుంది, ఫోనుంది, కుడి చెవి అంకెలు ఆరూ ఉన్నాయి. ఎడమ చెవి ఖాళీ.

దాంతో నాకు సందేహమే లేకుండా పోయింది. ఒక చెవి కొట్టి ఎందుకో లేచి ఉంటుంది, మళ్ళీ వచ్చి కూర్చున్నాక పూర్తయిందనుకుని సేవ్ నొక్కి ఉంటుంది. ఇంట్లో మగ్గాలు, పనులు, ఏదో గుర్తొచ్చి ఉంటుంది. ఆ అమ్మాయి లేచి వెళ్ళడం కళ్ళారా చూసినట్టే ఊహించుకున్నాను. మిగతా పెద్ద క్యాంపులు తెరిచి చూసి ఉంటే అక్కడా అదే అంకె కనిపించేది. చూడలేదు. పావుగంటలో మేనేజరుకి మెయిల్ రాశాను. సర్వర్‌లో ఎటువంటి లోపమూ లేదు, వివరాలు మధ్యలోనే ఆపేసినట్టు కనిపిస్తోంది, టైపు చేసినవారిని విచారించగలరు అని.

విచారించారు. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయే నాకు ఫోన్ చేసింది.

"అక్కా, నేను అందరివీ కొట్టినానక్కా. ఎనభై నాలుగు మందివీ కొట్టినా."

"చివర్లో సేవ్ నొక్కావా?"

"నొక్కినాక్కా. పచ్చగా వచ్చినాది. పచ్చగా వచ్చినాకనే కాగితం పక్కన పెడతా నేను."

"మధ్యలో కరెంటు పోయిందేమో. నెట్ ఆగిందేమో."

"లేదక్కా."

"కొన్నిసార్లు మనకి తెలియకుండానే జరుగుతుంది. ఒక చెవి దగ్గర ఆగిపోయి ఉంది చూడు, యాభై తొమ్మిదో ఆయనది."

"నేనట్ల మధ్యలో ఇడిసిపెట్టనక్కా. ఒకసారి మీరే సూడండక్కా," అంది.

"చూశానమ్మా," అన్నాను.

చూశానన్న నా మాట అబద్ధమని అప్పుడు నేననుకోలేదు. ఆ వారంలోనే ఆమెని మాన్పించారని మేనేజరు ఏదో వేరే విషయం చెబుతూ మాటల్లో చెప్పాడు. అయ్యో అనుకున్నాను. అనుకుని, చేస్తున్న పనిలో పడిపోయాను.

ఆమె స్థానంలో ఒక పెద్దాయన్ని తీసుకున్నారు. పుత్తూరులో ఏదో స్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరైనాయన. రోజూ రైల్లో నగరి వచ్చిపోయేవాడు. నెల తిరక్కుండానే మళ్ళీ ఒక పెద్ద క్యాంపు జరిగింది. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆయన నేరుగా నాకే ఫోన్ చేశాడు.

"అమ్మా, డెబ్బై ఏడు మందిని ఎక్కించినాను. ఎక్కించినాక నాకు లెక్క సూసుకునే అలవాటు. మళ్ళీ తెరిస్తే యాభై తొమ్మిదే కనిపిస్తాండాయి. ఆ యాభై తొమ్మిదో ఆయనకి ఒక్క చెవే ఉండాది."

ఒక్క చెవే. "ఏ చెవి?" అని అడిగాను, తెలిసి కూడా.

"కుడి చెవి," అన్నాడు.

ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. యాభై ఎనిమిదిని పదిహేడుతో గుణిస్తే తొమ్మిది వందల ఎనభై ఆరు. యాభై తొమ్మిదో మనిషికి కుడి చెవి వరకూ పదకొండు గళ్ళు. పైన తేదీ, ఊరు, నంబరు మూడు. మొత్తం సరిగ్గా వెయ్యి.

ఒక ఫారంలో వెయ్యి గళ్ళు దాటితే సర్వర్ మిగతావాటిని పారేస్తుంది. లక్షల గళ్ళు పంపి సర్వర్‌ని కుప్పకూల్చే దుర్మార్గులుంటారని ఎవరో పెట్టిన హద్దు అది. వెయ్యి తీసుకుని, మిగిలినవి వదిలేసి, ఏమీ జరగనట్టు పని కానిస్తుంది. నాకు తెలియని విషయమా అంటే కాదు. ఎప్పుడో చదివాను. ఒకసారి ఎవరికో చెప్పాను కూడా. ఈ ఫారం రాసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే. సర్వర్ ఒక హెచ్చరిక రాసే ఉంది, కానీ నేను చూసే ఫైల్లో కాదు, సర్వర్ వాళ్ళ సొంత ఫైల్లో. ఆ పచ్చ పట్టీ దేన్ని చూసి వచ్చేది? దేన్నీ చూడదు. ఫారం చేరితే చాలు, ఎంత చేరిందో అడగకుండా "వివరాలు నమోదయ్యాయి" అని చెప్పేలా నేనే రాశాను.

మిగతా పెద్ద క్యాంపులు తెరిచాను. యాభై తొమ్మిది. యాభై తొమ్మిది. యాభై తొమ్మిది. ప్రతిచోటా చివరి మనిషికి కుడి చెవి మాత్రమే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. గుమాస్తా చెప్పగానే నేను నమ్మాను. ఆయన అబద్ధమాడతాడనీ, మర్చిపోయి ఉంటాడనీ ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆ అమ్మాయి చెప్పింది కూడా ఇదే మాట.

మా యజమానికి చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, "ముందు సరిచెయ్యి. తర్వాత మాట్లాడదాం," అన్నాడు.

సర్వర్ అద్దెకిచ్చేవాళ్ళకి ఫోన్ చేశాను. ఆ హద్దును వెయ్యి నుంచి ఐదు వేలకి పెంచమన్నాను. "మేడం, ఇది చాలామంది కలిసి వాడుకునే సర్వర్. ఒక్కరి కోసం మార్చడం కుదరదు," అంది ఆ వైపు గొంతు. సొంతంగా సెట్టింగుల ఫైలు పెట్టి చూశాను. సర్వర్ దాన్ని పట్టించుకోలేదు. వేరే సర్వర్‌కి మారాలంటే ట్రస్టు కమిటీ కూర్చుని ఒప్పుకోవాలి, దానికెన్నాళ్ళు పడుతుందో తెలియదు. పేజీకి పాతికమంది చొప్పున విడగొడదామంటే డాక్టరమ్మ మొదటిరోజే వద్దన్నారు.

అందుకని దొడ్డిదారి వెతుక్కున్నాను. సర్వర్ లెక్కపెట్టేది గళ్ళని. గడిలో ఎంత రాశారన్నది దానికి వేరే లెక్క, ఆ హద్దు చాలా పెద్దది. సేవ్ నొక్కగానే, పంపేముందే, అన్ని వరుసల్నీ కంప్యూటర్‌లోనే ఒకే పొడుగాటి వాక్యంలా కలిపేసి, దాన్ని కనిపించని ఒక్క గడిలో పెట్టి పంపేలా మార్చాను. విడివిడి చీటీలన్నీ ఒకే సంచిలో వేసి ఇచ్చినట్టు. సంచి ఒక్కటే కాబట్టి సర్వర్ అడ్డు చెప్పదు. అవతల నా ప్రోగ్రాము సంచి విప్పి, చీటీలు మళ్ళీ విడదీసి ఎవరి వరుసలో వాళ్ళని పెడుతుంది. పంపేటప్పుడు ఎన్ని వరుసలో లెక్క కూడా వెంట పంపుతుంది. చేరాక మళ్ళీ లెక్కపెట్టి, రెండూ ఒకటైతేనే పచ్చ పట్టీ. తేడా వస్తే ఎర్ర పట్టీ, ఎన్ని పోయాయో అంకెతో సహా.

రాయడానికి ఒక పూట పట్టింది. నూటయాభైమందిని పెట్టి పరీక్షించాను. నూటయాభైమందీ చేరారు, రెండు చెవులతో. కుర్చీలో వెనక్కి వాలాను. ఈ ఒక్క పూట పని ముందే చేసి ఉంటే, అనుకున్నాను.

ట్రస్టుకి మెయిల్ రాయాలి. నేనొకటి రాసి యజమానికి చూపించాను. ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు.

"తప్పు మాది అని రాసిస్తే రేపు ఆ కాగితం పట్టుకుని ఎవరెవరో వస్తారు. సర్వర్ పరిమితి వల్ల కొన్ని వివరాలు నమోదు కాలేదు, ఇప్పుడు సరిదిద్దబడింది. ఇది అబద్ధం కాదు కదా?"

అబద్ధం కాదు. ఆ వాక్యంలో ప్రతి మాటా నిజమే. అదే పంపాను. మేనేజరు చదువుకుని, "సర్వర్ ప్రాబ్లమా మేడం, ఎవరు మాత్రం ఏం చేస్తారు," అని ఫోన్లో సానుభూతి కూడా చూపించాడు. ఆ అమ్మాయి మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పాత కాగితాలన్నీ గుమాస్తా మళ్ళీ కొట్టాలి. ఒక్క క్యాంపువి మాత్రం దొరకలేదు. మళ్ళీ కొట్టించాలని పక్కన పెట్టినవాటిని, ఎక్కించేసినవే కదా అనుకుని ఎవరో గది సర్దినప్పుడు పాత పేపర్లతో పాటు అమ్మేశారు. ఆ పెద్దాయన, డెబ్బై ఒకటో నంబరు, ఆ క్యాంపుకి వచ్చినవాడే. ఆ క్యాంపులో పోయిన పాతికమందినీ మళ్ళీ పరీక్షకి పిలవాలి. పేర్లు లేవు, ఫోన్ నంబర్లు లేవు. వీధుల్లో తిరిగి అడగాలి. నేనూ వస్తానన్నాను. మేనేజరు ఆశ్చర్యపోయాడు, సరేనన్నాడు.

పెద్దాయన ఇల్లు ఒక సందు చివర ఉంది. ఆయన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. భార్య అరుగు మీద నూలు చుట్టే ఆసు తిప్పుకుంటోంది. మేం చెప్పింది ఆయనకి వినపడలేదు. ఆమె విని, చేతిలో పని ఆపేసింది.

"మళ్ళీ రావాల్నా? ఏంటికి? లిస్టులో పేరు లేదంటే సెవులు బాగున్నట్టే గదా?"

"లేదమ్మా. పేరు పొరపాటున పోయింది. పరీక్షలో ఏం తేలిందో ఇప్పుడు మా దగ్గర లేదు," అన్నాడు మేనేజరు.

ఆమె భర్త వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నాటకాలాడతాండావని అన్నానమ్మా," అంది. "ఈ రెండు నెల్లూ అదే అన్నాను. పిలిస్తే పలకడు. డాక్టర్లే సెవులు బాగున్నాయని సెప్పినారు, నా మాట ఇనడం ఇష్టం లేక ఇట్ల సేస్తాండాడు అని. కొడుకు గూడా అదే అన్నాడు. మనవడొచ్చి ఎనక నిలబడి సప్పట్లు కొట్టి సూసేవాడు, తిరగతాడా లేదా అని."

పెద్దాయన మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఏదో తన గురించేనని తెలిసింది. "ఏమంట?" అని భార్యని అడిగాడు. ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పబోయింది. ఏం చెప్పాలో తెలియలేదేమో, ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

నేను అక్కడ నిలబడలేకపోయాను. సందు మొదటికి వచ్చి మేనేజరు కోసం ఎదురుచూశాను.

ఇంటికి వచ్చాక నాయనకి చెప్పాను. అమ్మ పోయాక నాయన మాతోనే ఉంటున్నాడు. చంద్రగిరి దగ్గర రెండెకరాలు వేరేవాళ్ళకి కౌలుకిచ్చి వచ్చాడు. నా పని ఏమిటో ఆయనకి సరిగ్గా తెలియదు, తెలిసినట్టు నటించడు కూడా. మధ్యాహ్నం అన్నం తింటూ మొత్తం విన్నాడు.

"సర్వరంటే ఏందో నాకు తెల్వదు గానీ, ఆ పిల్లకి సెప్పినావా?" అన్నాడు.

"ట్రస్టుకి రాశాను నాయనా."

"ట్రస్టుని అడగలా నేను. ఆ పిల్లకి సెప్పినావా?"

లేదన్నాను. ఆయన మజ్జిగ పోసుకుని అన్నం ముగించాడు.

ఆమె నంబరుకి ఫోన్ చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తి, "డ్యూటీలో ఉండాను," అంది. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరిందట. కంపెనీ బస్సు సాయంత్రం ఆరింటికి నగరిలో దింపుతుంది. నేను వచ్చి కలుస్తానన్నాను. "ఏంటికి?" అంది. ఫోన్లో చెప్పేది కాదన్నాను. "సరే మేడం," అంది.

అక్కా అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కాను. పుత్తూరు దాటేదాకా ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూ ఉన్నాను. ఆరు దాటిన పది నిమిషాలకి కంపెనీ బస్సు వచ్చింది. పదిమంది ఆడవాళ్ళు దిగారు. ఆమె మెడలో గుర్తింపు కార్డుతో, చేతిలో అన్నం బ్యాగుతో నా దగ్గరికి వచ్చి నిలబడింది. చిక్కిపోయింది.

కూర్చుకున్న వాక్యాలేవీ రాలేదు. ఫారం వెయ్యి గళ్ళే తీసుకుంటుందనీ, యాభై తొమ్మిదో మనిషి కుడి చెవితో ఆ వెయ్యి అయిపోతాయనీ, ఆమె తర్వాత వచ్చినాయనకీ అదే జరిగిందనీ చెప్పాను. ఆమె అన్నీ కొట్టిందనీ, సర్వర్ పారేసిందనీ, ఆ సంగతి నాకు తెలిసి ఉండాల్సిందనీ చెప్పాను.

ఆమె నేల వైపు చూస్తూ వింది.

"మీరు ఆ రోజు నూరు మందివి కొట్టి ఒకసారి సూసింటే తెలిసిపోయుండేది గదా మేడం," అంది.

"తెలిసిపోయేది."

"సూసినానని సెప్పినారు."

ఆమె అన్నం బ్యాగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మా ఇంట్లో ఎవురూ నమ్మలా," అంది. "మా ఆయన అన్నాడు, నువ్వే యాడో మర్సిపోయుంటావు, కంప్యూటరు అబద్ధం సెప్తాదా అని. మా అత్త వీదిలో అందరికీ సెప్పింది, మా కోడలు సగం పని సేసి లేసిపోతాదంట అని. అదంతా సరే మేడం. రోజులు పోయేకొద్దీ నాకే అనుమానం వచ్చినాది. నేనే మర్సిపోయినానేమో, నిజంగానే లేసిపోయినానేమో అని. ఫ్యాక్టరీలో ఒక్కో పెట్టె నాలుగుసార్లు లెక్క పెడతాండా. సూపర్‌వైజరు తిడతాడు, ఎంతసేపని."

నేను క్షమించమన్నాను. ఆమె మెడలోని కార్డు తీసి చేతికి చుట్టుకుంది. ట్రస్టుతో మాట్లాడి మళ్ళీ పని ఇప్పిస్తానన్నాను.

"ఆడికి రాను మేడం."

"మరి నేనేం చెయ్యను?"

కాస్త ఆలోచించింది. "కాగితం మీద రాసియ్యండి. తెలుగులో. మా ఆయన సదవాల, మా అత్తకి సదివి ఇనిపించాల."

నా బ్యాగులో నోటుపుస్తకం ఉంది. బస్టాపు బెంచీ మీద కూర్చుని రాశాను. ఫలానా క్యాంపుల వివరాలన్నీ ఈమె పూర్తిగా టైపు చేసిందనీ, ఫారం లోపం వల్ల కొన్ని నమోదు కాలేదనీ, ఆ విషయంలో పొరపాటు జరిగిందనీ, అందుకు చింతిస్తున్నాననీ. సంతకం పెట్టి ఇచ్చాను.

ఆమె చూపుడువేలు వరుస కింద పెట్టుకుని చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"'పొరపాటు జరిగింది' అని రాసినారే. ఎవురు సేసినారని అడగతారు మేడం మా ఇంట్లో."

కాగితం తిరిగి తీసుకున్నాను. ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన "పొరపాటు నాది" అని రాశాను. కొట్టివేత పక్కన ఇంకోసారి సంతకం పెట్టాను. ఆమె మళ్ళీ మొదట్నుంచీ చదివింది. కింద నా ఫోన్ నంబరు కూడా రాయించుకుంది.

"ఫోన్ సేస్తే ఎత్తతారు గదా?"

ఎత్తుతానన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి, అన్నం బ్యాగులో డబ్బా పక్కన దోపుకుని వెళ్ళిపోయింది.

రెండ్రోజుల తర్వాత ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. ఆమె భర్త. వెనక మగ్గాలు ఆడుతున్నాయి.

"ఈ కాగితం రాసింది మీరేనా?"

"నేనేనండీ."

"ఏమన్నారు? ఇనపడల్యా. గెట్టిగా సెప్పండి."

"నేనే రాశానండీ!"

"అయితే మా ఆడమనిషి అంతా కొట్టిందా?"

"కొట్టిందండీ. అందరివీ కొట్టింది. తప్పు నాది." నేను అరిచాను. పక్కగది తలుపు తెరిచే ఉంది. మా యజమాని స్క్రీన్ మీద నుంచి తలెత్తి నన్ను చూశాడు. నేను ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుని, "తప్పు నాదండీ, ఆమెది కాదు!" అని ఇంకోసారి అరిచాను.

"సరే," అన్నాడతను. కాసేపు మగ్గాల మోత మాత్రమే వినిపించింది. ఆ తర్వాత పెట్టేశాడు.

మా యజమాని ఆ రోజు దాని గురించి ఏమీ అడగలేదు, తర్వాతా అడగలేదు. తప్పు నాదేనని ట్రస్టుకి నేను ఇంకో మెయిల్ పంపాను, ఈసారి ఎవరికీ చూపించకుండా. పాతికమందిలో ఇరవై ఇద్దరు దొరికారు. పెద్దాయనకి రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలింది, మిషన్లు ఇచ్చారు. మిగిలిన ముగ్గురు ఎవరో, ఏ వీధివాళ్ళో ఇప్పటికీ తెలియలేదు. వాళ్ళు పరీక్షకి వచ్చినరోజు నేను రాసిన ఫారం పచ్చగా జవాబిచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో ఏమనుకున్నారో అని అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను.

ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.